పన్నెండు చింతగింజలు

నా నోటుబుక్కు నూట పద్నాలుగో పేజీలో ఎర్ర సిరాతో రెండు హిందీ మాటలున్నాయి: "విశ్వస్‌నీయ్ నహీఁ". నమ్మదగినది కాదు అని అర్థం. రాసింది మా రైల్వే వర్క్‌షాపులో ఆటల వ్యవహారాలు చూసిన అధికారి. ఆ మాటల పైన నా దస్తూరీలో ఉన్నది ఇదీ: నలభై కిలోమీటర్లు. ఒక గంట, మూడు నిమిషాలు, ఇరవై సెకన్లు. గొలుసు ముందు చక్రానికి నలభై ఎనిమిది పళ్ళు, వెనకదానికి పదహారు. తొక్కుళ్ళు ఆరు వేల రెండు వందల నలభై.

తొక్కింది నా బావమరిది. మా ఆవిడ తమ్ముడు, వర్క్‌షాపులో ఫిట్టరు. నేను అదే షాపులో వ్యాగన్ల కొలతలు చూసేవాణ్ణి. ఎనిమిదో తరగతి దాకా చదివాను. మిగతా లెక్కలన్నీ గేజీలూ డ్రాయింగులూ చూసి నాకు నేనే నేర్చుకున్నాను. మా నాన్న విజయనగరం పక్క పల్లె నుంచి వాల్తేరు లైను పట్టుకుని రాయపూర్ వచ్చి పట్టాలు మరమ్మతు చేసే గ్యాంగులో చేరాడు. లెక్కల పిచ్చి ఆయన్నుంచే వచ్చిందనుకుంటాను. రైల్లో కూర్చుంటే పట్టాల అతుకుల దగ్గర వచ్చే చప్పుళ్ళు లెక్కపెట్టి బండి ఎంత వేగంతో పోతోందో చెప్పేవాడు. పట్టా పొడవు పదమూడు మీటర్లు. నలభై ఏడు సెకన్లలో ఎన్ని చప్పుళ్ళు వినిపిస్తే, గంటకి దాదాపు అన్ని కిలోమీటర్లు.

మా సైకిలు లెక్కా అలాంటిదే. డెబ్బైల చివర్లో మాకు వేగం చూపే మీటర్లు లేవు, ట్రాక్ లేదు. ఊరి బయట ఒక కిలోమీటరు రాయి నుంచి మందిర్ హసౌద్ దాటి ఇరవయ్యో రాయి దాకా పోయి, తిరిగి రావడమే. రాళ్ళని నేను నమ్మలేదు. బావమరిదిని సైకిలు మీద కూర్చోబెట్టి, టైరుకి ఒకచోట సున్నం బొట్టు పెట్టి, వర్క్‌షాపు నేల మీద దొర్లించి కొలిచాను. మనిషి ఎక్కితే టైరు అణిగి చక్రం చుట్టుకొలత సెంటీమీటరున్నర తగ్గుతుందని అప్పుడే తెలిసింది. రెండు మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు తేలింది. ఒక్క తొక్కుడుకి చక్రం మూడు చుట్లు తిరుగుతుంది, అంటే ఆరు మీటర్ల నలభై రెండు.

తొక్కుళ్ళు ఎంచడం బావమరిది పని. కాళ్ళు ఒక్క క్షణం ఆపినా లెక్క పోతుంది కాబట్టి ఆపకూడదని నియమం. ప్రతి వందకీ బనీను వెనక ఎడమ జేబులోంచి ఒక వేయించిన చింతగింజ తీసి కుడి జేబులో వెయ్యాలి. ఆ బనీను మా ఆవిడ కుట్టింది. ఇరవై కిలోమీటర్లకి ముప్పై ఒక్క గింజలూ, పైన పదిహేను తొక్కుళ్ళూ రావాలి. వాడికి పైన ఇరవై వచ్చాయి. మూడుసార్లు చూశాం, రెండు మూడు తొక్కుళ్ళ తేడాతో అంతే. రోడ్డు ముప్పై మీటర్లు ఎక్కువే ఉంది గానీ తక్కువ లేదు.

రోడ్డు పక్క పొలాల్లో పనిచేసేవాళ్ళు మొదట్లో "కహాఁ జాథస్ గా?" అని కేకలేసేవారు, ఎక్కడికి పోతున్నావురా అని. వాడు ఎంచుతూ ఉంటాడు కాబట్టి జవాబు చెప్పడు. పొగరనుకున్నారు. తర్వాత అలవాటుపడి చేతులూపేవారు.

ఆ ఏడు విదేశంలో పోటీకి పోయే జట్టు ఎంపికకి మా వర్క్‌షాపు నుంచి పేర్లు పంపాలని కబురొచ్చింది. నేను నోటుబుక్కు పట్టుకుని, బావమరిదిని వెంటబెట్టుకుని ఆ అధికారి గదికి వెళ్ళాను. ఆయన పేజీ చదివాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ చదివాడు.

"చలానే వాలా తేరా సాలా," అన్నాడు. "ఘడీ దేఖ్‌నే వాలా తూ. గవాహ్ కౌన్?"

తొక్కినవాడు నీ బావమరిది, గడియారం పట్టింది నువ్వు, మరి సాక్షి ఎవడయ్యా అని. గుమాస్తాలు నవ్వారు. రోడ్డు కొలిచిన లెక్క చెప్పబోయాను. ఆయన వినలేదు. ఎర్ర సిరా కలం తీసి ఆ రెండు మాటలు రాసి, పుస్తకం నా వైపు తోశాడు.

బయటికొచ్చాక బావమరిది సైకిలు స్టాండు దగ్గర ఆగి అన్నాడు:

"బావా, నానోడిపోతే ఏటీ అనుకోను. తొక్కనేదని రాసీసేడు సూడు. నాను తొక్కినాను."

వాడికి కప్పులూ పతకాలూ అక్కర్లేదు. వాడి టైము కింద మేమిద్దరం కాని మూడో మనిషి సంతకం ఒకటి కావాలి. అంతే.

ఇక్కడ సంతకం పెట్టనివాళ్ళని వదిలేసి సముద్రం అవతల అడుగుదాం అనుకున్నాం. శ్రీలంకలో తీరం పక్కన ఒక పట్నంలో ఏటా అమెచ్యూర్ల పోటీ జరుగుతుందనీ, ఏ దేశపు క్లబ్బులైనా రావచ్చనీ ఇంగ్లీషు పత్రికలో చిన్న ముక్క చూసి ఉత్తరం రాశాను. క్లబ్బు కాగితం మీద పేరు పంపమని జవాబొచ్చింది. మాకు క్లబ్బు లేదు. మర్నాడు భోజనాల గంటలో షాపులో ఏడుగురం సంతకాలు పెట్టి క్లబ్బు కట్టేశాం. ఏడుగురిలో ముగ్గురికి సైకిలు తొక్కడం రాదు. రబ్బరు స్టాంపు చేయించాం. ఆటకి ఎన్నడూ డబ్బు తీసుకోలేదని బావమరిది ఒక కాగితం రాసిచ్చాడు. పాస్‌పోర్టులకి ఎనిమిది నెలలు పట్టింది. ఇద్దరం సెలవు పెట్టాం. ఆ అధికారి మా సెలవు కాగితాల సంగతి విని, "సైర్ కర్ ఆవో," అన్నాడట, షికారు చేసి రండి అని.

రైల్వే పాసు రామేశ్వరం దాకా పనిచేసింది. చక్రాలు విప్పి గోనెసంచుల్లో కట్టి, ఫ్రేము బెర్తు కింద తోశాం. మద్రాసు దాటాక చిన్న పట్టాల లైను. అక్కడ పట్టా పొడవు వేరు కాబట్టి నాన్న లెక్క పనిచెయ్యదు. బండి వేగం తెలియకుండా ప్రయాణం చెయ్యడం నాకు ఇబ్బందిగానే ఉంది. తర్వాత పడవ. అవతలి ఒడ్డున కస్టమ్స్ మనిషి సంచి తెరిచి చింతగింజల పొట్లం పట్టుకున్నాడు. విత్తనాలు దేశంలోకి తేకూడదట. వేయించినవి, మొలవవు అని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. బావమరిది ఒకటి నోట్లో వేసుకుని పటపట నమిలి చూపించాడు. ఆయనకీ ఒకటి ఇచ్చాడు. ఆయన నమల్లేక చేతిలో పట్టుకునే మాకు దారి ఇచ్చాడు.

పోటీ పట్నం వీధుల్లో చుట్ల పద్ధతి. చుట్టు ఆరు కిలోమీటర్లు, మొత్తం పన్నెండు. నలభైమంది దాకా ఉన్నారు. చాలామందివి పది గేర్ల సైకిళ్ళు. మాది ఒకటే గేరు. ఒక కుర్రకారు జట్టు మా ఫ్రేము మీద ఉన్న వర్క్‌షాపు ఆకుపచ్చ రంగు చూసి ఏదో అనుకుని నవ్వారు. బావమరిదికి కోపం రాలేదు. "వ్యాగన్‌కి మిగిలిన పెయింటని వాళ్ళకెలాగ తెలిసిందంటావ్?" అన్నాడు.

వందకో గింజ ఇక్కడ అక్కర్లేదు, చుట్టుకొక్కటి చాలన్నాను. బయల్దేరే గీత దగ్గర పన్నెండు గింజలు ఎంచి వాడి ఎడమ జేబులో నేనే వేశాను. మా షాపులో ఏ కొలతైనా ఇద్దరు విడివిడిగా తీస్తాం. రెండూ కలిస్తేనే బోర్డు మీద రాస్తాం. వాడి గింజలు ఒక లెక్క, నా నోటుబుక్కు ఇంకో లెక్క. గీత దగ్గర తడికె పక్కన నిలబడి వాడు దాటిన ప్రతిసారీ టైము రాశాను. తొమ్మిది నిమిషాల ముప్పై, తొమ్మిది ముప్పై ఐదు, తొమ్మిది నలభై, అలా. ముందుపోయే పదిమందితో వాడు లేడు. వెనకపడిన గుంపులోనూ లేడు. మధ్యలో ఎనిమిది తొమ్మిదిమందితో పోతున్నాడు.

ఏడో చుట్టులో పెద్ద వాన పడింది. ఆరుగురు ఒక ముద్దగా గీత దాటారు. వీపుల మీద అంకెలన్నీ బురద. నేను వాడి బనీను కుట్టు చూసి గుర్తుపట్టాను. బల్ల దగ్గర లెక్క రాసే ఇద్దరూ కాగితాల మీద వాన పడకుండా చూసుకునే తొందరలో ఉన్నారు. నాకప్పుడు అనుమానం రాలేదు. రావలసింది.

పన్నెండోసారి వాడు గీత దాటాడు. ఆకుపచ్చ బనీను వేసుకున్న ఆ ఊరి రైడరొకడు వాడికి అర చక్రం ముందు. గెలిచినవాళ్ళు అప్పటికే దిగి నీళ్ళు తాగుతున్నారు. మావాడు బ్రేకు పట్టి కాలు కింద పెట్టాడు.

"వన్ మోర్! వన్ మోర్!" అని చుట్ల అంకెల బోర్డు పట్టుకున్నతను అరుస్తున్నాడు. మావాడి అంకె ఎదురుగా వాళ్ళ కాగితంలో పదకొండే ఉన్నాయి.

నేను తడికె కింద దూరి పరిగెత్తాను. ఇది రాయాలంటే ఇప్పటికీ ఇబ్బందే. నా నోటుబుక్కులో పన్నెండు టైములు ఉన్నాయి. అయినా బల్ల వెనక కూర్చున్నవాళ్ళని చూడగానే నా లెక్క మీద నాకే అనుమానం వచ్చింది.

"దిగకు, దిగకు! పదకొండే అంటున్నారు. ఇంకొకటి తొక్కేసి రా."

"పన్నెండయిపోనాయి బావా."

"తెలుసు. తొక్కేస్తే గొడవుండదు కదా."

"తొక్కితే పదమూడవుతాది." వాడికి ఊపిరి ఆడటంలేదు. ఒక్కో మాటా విడిగా వస్తోంది. "పది నిమిషాలు ఎక్కువ రాసుకుంటారు. రేపు అదే నిజమైపోద్ది."

"తొక్కకపోతే పోటీ పూర్తిచెయ్యలేదని రాస్తారురా! రాయపూర్ వెళ్ళి ఏం మొహం చూపిస్తాం?"

వాడు కుడి జేబులో చెయ్యి పెట్టి గింజలన్నీ తీశాడు. చెమటకీ వానకీ తడిసి నల్లగా ఉన్నాయి. నా అరచేతిలో పోశాడు.

"ఎంచు."

"టైము పోతోందిరా, ఎక్కు ముందు."

"ఎంచు బావా. గిన్తీ నేర్పింది నువ్వే కదా. ఇప్పుడు నువ్వే తప్పు ఎంచమంటే ఎలాగ?"

ఎంచాను. పన్నెండు. ఎడమ జేబు బయటికి లాగి చూపించాడు, ఖాళీ. సైకిలు నేల మీద పడుకోబెట్టి దాని పక్కనే కూర్చున్నాడు. లేవడానికి రానట్టు కాళ్ళు చాపేశాడు. బోర్డు మనిషి ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

నాకు అప్పుడు సిగ్గూ కోపమూ రెండూ వచ్చాయి. కోపం మాత్రం బల్ల దగ్గర పనికొచ్చింది. వెళ్ళి పెద్ద జడ్జీ ముందు నిలబడ్డాను. ముసలాయన, నల్ల గొడుగు వేసుకుని ఉన్నాడు. నా ఇంగ్లీషంతా డ్రాయింగుల మీద నేర్చుకున్నది. అందులో కొలతలుంటాయి గానీ క్రియలుండవు. ఆయన కాగితంలో ప్రతి టిక్కు పక్కనా గడియారం టైముంది. ఆరో టిక్కుకీ తర్వాతి టిక్కుకీ మధ్య మీద వేలు పెట్టాను.

"నైన్‌టీన్ మినిట్ థర్టీ. ఆల్ అదర్ ల్యాప్, నైన్ మినిట్. మై మ్యాన్, స్టాప్ వేర్?"

అన్ని చుట్లూ తొమ్మిది నిమిషాల పైచిలుకులో తొక్కినవాడు ఆ ఒక్కదానికి పందొమ్మిదిన్నర నిమిషాలు ఎందుకు తీసుకుంటాడు? ఎక్కడ ఆగాడు? ఆయన గొడుగు కింద నుంచి చూసి, పంక్చరై ఉండొచ్చు అన్నాడు. నేను సైకిలు తెచ్చి రెండు చక్రాలూ తిప్పి చూపించాను. టైర్లు తీసి పెట్టిన గుర్తు లేదు, రిము మీద బురద ఒకే పొరగా ఉంది. నా నోటుబుక్కు పెట్టాను. గింజలు పెట్టాను. లెక్క రాసే ఇద్దరిలో ఒకడు గింజలు చూసి నవ్వాడు. ముసలాయన నవ్వలేదు. ఒక్కొక్కటే పక్కకి జరుపుతూ పన్నెండూ ఎంచాడు.

తర్వాత చాలా మర్యాదగా అన్నాడు: లెక్క బాగానే ఉంది, కానీ మీరిద్దరూ ఒక క్లబ్బువాళ్ళు. మరొకరెవరైనా చూశారా?

నేను నవ్వానో, ఏడ్చినట్టు మొహం పెట్టానో తెలియదు. పడవెక్కి సముద్రం దాటి వచ్చినా అదే ప్రశ్న. గవాహ్ కౌన్?

ఆ నిమిషానికే ఆకుపచ్చ బనీను రైడరు హెల్మెట్ విసిరేసి బల్ల దగ్గరికి వచ్చాడు. మా సంగతి అతనికి తెలియదు. అతని గొడవ వేరు. మావాడి వైపు వేలు చూపిస్తూ తన భాషలోనూ ఇంగ్లీషులోనూ కలిపి జడ్జీ మీద పడ్డాడు. నాకు అర్థమైనంత వరకూ అతని ఫిర్యాదు ఇదీ: ఈ ఇండియావాడు ఆరు చుట్లుగా నా వెనక చక్రం అంటుకునే ఉన్నాడు. గాలి నేను కొయ్యాలి, సుఖం ఇతను పడాలి. ఒక్కసారంటే ఒక్కసారి ముందుకి రాలేదు. ఇది రేసా, దొంగతనమా?

జడ్జీ గొడుగు మూశాడు. "ఎంతవరకు?" అని అడిగాడు.

"ఎంతవరకేమిటి? చివరిదాకా! గీత దాటేదాకా! అర చక్రం వెనక! నేను పోటీ పూర్తిచేశాను, అతను అక్కడే ఉన్నాడు!"

"ఆరు చుట్లూ? మధ్యలో ఎక్కడా ఆగలేదా?"

"ఆగితే బాగుండేది!"

ముసలాయన నా వైపు చూశాడు. కాగితం మీద ఏడో చుట్టు గడిలో టిక్కు పెట్టి, పక్కన తన పొడి అక్షరాలు వేశాడు. ఆకుపచ్చ బనీనుకి ఇచ్చిన టైమే మావాడికీ రాశాడు. గంటా యాభై ఆరు నిమిషాల నలభై సెకన్లు, ఇరవై మూడో స్థానం. నా గడియారంలో నలభై రెండు సెకన్లుంది. రెండు సెకన్ల గురించి నేను పేచీ పెట్టలేదు. ఒక నకలు రాయించి సంతకం పెట్టించుకున్నాను.

నేను వెళ్ళి చెబితే బావమరిది నేల మీద కూర్చునే పగలబడి నవ్వాడు.

"తిట్టినోడే సాచ్చీకమిచ్చేడా? భలే మనిషి బావా. మనోడైతే ఇంత పక్కాగా సెప్పడు."

లేచి, కుంటుకుంటూ వెళ్ళి, ఇంకా కోపంగా ఉన్న ఆ రైడరు చేతిలో రెండు చింతగింజలు పెట్టాడు. అతను ఒకటి కొరికి వెంటనే ఉమ్మేశాడు. మావాడు సైగలతో ఎలా నమలాలో నేర్పించాడు. కాసేపటికి ఇద్దరూ ఒకరి సైకిలు గేర్లు ఒకరు ముట్టుకుని చూసుకుంటున్నారు.

రాయపూర్‌లో దిగిన మర్నాడే ఆ సంతకం కాగితం పట్టుకుని అధికారి గదికి వెళ్ళాం. ఆయన దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పాడు. తెలివైనవాడు, కాదనను.

"ఇది గుంపులో తొక్కింది," అన్నాడు హిందీలో. "ఇంకొకడి వెనక దాక్కుని. మీ నలభై కిలోమీటర్ల సంగతి ఇందులో ఎక్కడుంది?"

నిజమే, లేదు. నేను తల వంచాను. బావమరిది వంచలేదు.

"సండేకి మీ ఘడీ తీసుకుని రండి సాబ్. పొద్దున్న ఆరింటికి, మందిర్ హసౌద్ రోడ్డు. నా ముందు ఎవడూ ఉండడు. వెనకాల మీరే ఉండండి."

ఆ ఆదివారం ఆయన రాలేదు. మేం తొక్కి వచ్చాం. తర్వాతి ఆదివారమూ రాలేదు. ప్రతి సోమవారం బావమరిది ఆయన గది ముందు నుంచే షాపుకి పోయేవాడు. ఆగి, లోపలికి తొంగిచూసి, "నిన్న మీకోసం చూశాం సాబ్" అని నమస్కారం పెట్టి వెళ్ళేవాడు. గుమాస్తాలు ఇప్పుడు నవ్వుతున్నది మమ్మల్ని చూసి కాదు. అయిదో ఆదివారం జీపు వచ్చింది.

వేసవి మొదలైంది. తిరుగుదారిలో ఎదురుగాలి. జీపు వాడి వెనకే నడిచింది, ఆయన చేతిలో స్టాప్‌వాచీ. నేను రాయి దగ్గరే నిలబడ్డాను, గడియారం ఉద్దేశపూర్వకంగా ఇంట్లో వదిలి. వాడు రాయి దాటి ఆగాడు. జీపు పక్కన ఆగింది.

"ఒక గంట, నాలుగు నిమిషాలు, అయిదు సెకన్లు," అన్నాడు అధికారి. తర్వాత కొంచెం ఉత్సాహంగా, "నలభై అయిదు సెకన్లు ఎక్కువ పట్టింది చూశావా!"

బావమరిది హ్యాండిలు మీద వాలి ఉన్నాడు. తల ఎత్తి అన్నాడు: "ఝూఠ్ బోల్‌నా హోతా, తో ఇత్‌నా ఛోటా క్యోఁ బోల్‌తే సాబ్?"

అబద్ధం చెప్పేవాళ్ళమైతే ఇంత చిన్నది ఎందుకు చెబుతాం అని. ఆయన కొంతసేపు స్టాప్‌వాచీ వైపే చూశాడు. రోడ్డెంత పొడవని అడిగాడు. ఈసారి చెప్పనిచ్చాడు. సున్నం బొట్టు, అణిగిన టైరు, ముప్పై ఒక్క గింజలు, పైన ఇరవై తొక్కుళ్ళు. మొత్తం విని, "పుస్తకం ఇలా ఇవ్వు," అన్నాడు.

జీపు బానెట్ మీద నూట పద్నాలుగో పేజీ తెరిచాను. ఆయన జేబులోంచి కలం తీసి, తన ఎర్ర మాటల మీద అడ్డంగా గీత పెట్టబోయాడు. బావమరిది చెయ్యి ఆయన మణికట్టుకి అడ్డం వచ్చింది. చెమటతో తడిసిన చెయ్యి, ఆయన చొక్కా కఫ్ మీద మచ్చ పడింది.

"మత్ కాటియే సాబ్," అన్నాడు. "కొట్టెయ్యొద్దు. అదలాగే ఉండనివ్వండి. దాని కింద రాయండి."

ఆయన వాడి మొహంలోకి చూశాడు. తర్వాత కింద రాశాడు, నీలం సిరాతో: నలభై కిలోమీటర్లు, ఒంటరిగా, నా సమక్షంలో, ఒక గంట నాలుగు నిమిషాల అయిదు సెకన్లు. సంతకం పెట్టాడు.

మరుసటి ఏడు ఎంపికకి వాడి పేరు పంపారు. ఎంపిక కాలేదు. తనకంటే వేగంగా తొక్కేవాళ్ళు నలుగురున్నారని వాడే వచ్చి చెప్పాడు, వాళ్ళ టైములు కూడా ఒక్క సెకను తేడా లేకుండా. ఇప్పుడు సిల్తారా, ఉర్లా ఫ్యాక్టరీల లారీలతో ఊరి చుట్టూ రోడ్లు సైకిళ్ళకి పనికిరావు. మా కిలోమీటరు రాయి కూడా రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. పేజీ మాత్రం ఉంది. ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే బావమరిది ముందు ఎర్ర సిరా చదివిస్తాడు. నీలం సిరా చదవడానికి తొందరపడితే వేలు అడ్డం పెడతాడు.